నిట్రాడు లేని ఇల్లు

పూరిల్లు కట్టడం దగ్గరుండి చూసినవాళ్లకు నిట్రాడు సంగతి చెప్పక్కర్లేదు. ఇంటి నడిమధ్య పాతే గుంజ అది. దాని తల మీద వెన్నుగాడి, వెన్నుగాడికి రెండు వైపులా వాసాలు, వాసాల మీద గడ్డో తాటాకో. కప్పు బరువులో పెద్ద వాటా నిట్రాటి మీదికే వస్తుంది. అందుకే కుటుంబాన్ని మోసే మనిషిని ఇంటికి నిట్రాడు అంటాం.

జపాన్ ప్రధాన ద్వీపం హోన్షూ నడుమ, షో నది పారే ఇరుకు లోయలో రైతుల ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాటికి నిట్రాడు లేదు. నేల అంతస్తు పైన రెండు, మూడు, కొన్నిచోట్ల నాలుగు అటకలు ఒకదానిపై ఒకటి పేర్చినంత ఎత్తున గడ్డి కప్పు లేస్తుంది. ఆ కప్పు కింద నిలబడి చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా చూపుకు అడ్డం వచ్చే నడిమి స్తంభం ఉండదు. కప్పు కట్టులో ఇనుప మేకు కూడా ఉండదు. ఏటా చలికాలంలో ఆ ఊళ్లలో మనిషెత్తు మంచు పడుతుంది. అయినా రెండు వందల ఏళ్లు దాటిన ఇళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు.

ఈ తీరు ఇంటిని అక్కడ గష్షో-జుకురి అంటారు. చేతులు జోడించినట్టుండే కప్పును బట్టి వచ్చిన పేరు. గిఫు ప్రాంతంలోని షిరకావా-గోలో ఓగిమచి అనే ఊరు, దానికి దిగువన తొయామ ప్రాంతంలోని గోకయామలో ఐనోకురా, సుగనుమ అనే రెండు ఊళ్లు ఈ ఇళ్లకు పేరుపడ్డవి. ఈ మూడింటినీ 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పదిహేడో శతాబ్దం చివరి నుంచి క్రమంగా రూపు దిద్దుకున్న కట్టడం ఇది. క్యాలెండర్లలోనూ పర్యాటక ప్రకటనల్లోనూ దీని అందాన్ని చాలామంది చూసే ఉంటారు. ఆ అందం నిజమే, కానీ ఈ ఇంట్లో ఏ వాలూ ఏ ఎత్తూ ఏ కిటికీ అందం కోసం పెట్టినవి కావు. మంచు, పొగ, పట్టుపురుగు, చేతికి దొరికిన కర్ర, ఊళ్లో ఉన్న మనుషులు కలిసి ఆ కొలతలను నిర్ణయించారు.

ముందు మంచు సంగతి చూద్దాం. ఓగిమచి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్షాంశం మన శ్రీనగర్ కంటే కాస్త ఉత్తరాన. అంతమాత్రాన అంత మంచు పడనక్కర్లేదు. కారణం సముద్రంలో ఉంది. చలికాలంలో సైబీరియా నుంచి వీచే గాలి ఎముకలు కొరికేంత చల్లగా, పొడిగా ఉంటుంది. జపాన్ సముద్రం మీదికి వచ్చేసరికి దాని కింద దక్షిణం నుంచి వచ్చే వెచ్చని సుషిమా ప్రవాహం ఉంటుంది. ఆ నీటి నుంచి గాలి ఆవిరిని దండిగా పీల్చుకుంటుంది. హోన్షూ పడమటి కొండలకు తగిలి పైకి లేచినప్పుడు ఆ ఆవిరంతా మంచుగా మారి కొండల మీదా లోయల్లోనూ కురుస్తుంది. షిరకావా-గో ఈ దారిలోనే ఉంది.

అప్పుడే పడిన మంచు తేలిక. ఘనమీటరు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది. పడ్డ మంచు రోజుల తరబడి అణగారి, కరిగి, మళ్లీ గడ్డకట్టేసరికి అదే ఘనమీటరు 300 కిలోలకు చేరుతుంది. అలాంటి మంచు రెండు మీటర్లు చదును కప్పు మీద పేరుకుంటే చదరపు మీటరుకు 600 కిలోల బరువు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న ఇంటి మీద అది 60 టన్నులు.

కప్పును ఏటవాలుగా నిలిపితే మంచులో కొంత జారిపోతుందని ఎవరికైనా తడుతుంది. కానీ గడ్డి కప్పు గరుకుది, దాని మీద మంచు పూర్తిగా జారదు. ఈ ఊళ్లవాళ్లు చలికాలంలో కప్పెక్కి మంచు దింపే పని ఎప్పుడూ చేస్తూనే వచ్చారు. నిటారు వాలు వల్ల కలిగే పెద్ద లాభం బయటికి కనిపించదు. అది వాసాల అడుగున ఉంది.

రెండు వాసాలను తలలు కలిపి నిలబెట్టి పైన బరువు వేస్తే, వాటి పాదాలు బయటికి జారాలని చూస్తాయి. ఈ బయటి తోపు ఎంత ఉంటుందో లెక్క కట్టవచ్చు. ఒక్కో వాసం మీద సమంగా పరుచుకున్న బరువు 100 కిలోలనుకుందాం. వాలు 30 డిగ్రీలైతే పాదం దగ్గర బయటి తోపు సుమారు 87 కిలోలు. 45 డిగ్రీలకు 50 కిలోలు. 60 డిగ్రీలకు వచ్చేసరికి 29 కిలోలు మాత్రమే. అంటే బరువు అదే అయినా వాలు 30 నుంచి 60కి పెరిగితే గోడలను విడదీసే బలం మూడో వంతుకు పడిపోతుంది. గష్షో ఇళ్లలో పాతవాటి వాలు కొంత తక్కువ. కాలం గడిచేకొద్దీ అది నిటారై 60 డిగ్రీల దగ్గరికి చేరింది. త్రికోణమితి పుస్తకం తెరవకుండానే తరాల అనుభవం వాళ్లను సమబాహు త్రిభుజం దాకా తెచ్చింది.

మిగిలిన ఆ 29 కిలోల తోపును గోడల మీదికి పోనివ్వకూడదు. అందుకు వాసాల పాదాలను కలుపుతూ ఇంటి అడ్డకొలత పొడవునా ఒక లావాటి దూలం ఉంటుంది. వాసాలు బయటికి తోస్తుంటే ఈ దూలం వాటిని లోపలికి పట్టి ఉంచుతుంది. వాసాలు నలుగుడుకు లోనవుతాయి, దూలం సాగుడుకు లోనవుతుంది, త్రిభుజం మూసుకుపోతుంది. ఇక కింది గోడలకు చేరేది నిలువు బరువొక్కటే. ఆధునిక ఇంజనీరు ట్రస్ అని పిలిచేది ఇదే. కప్పు బరువంతా ఇలా వాలు వాసాల గుండానే దిగుతుంది కాబట్టి నిట్రాటితో పని లేదు. మధ్యలో అటకల నేలగా వేసిన అడ్డ దూలాలు వాసాలు లోపలికి వంగకుండా ఆపుతాయి. ముందుకూ వెనక్కూ, అంటే వెన్ను దిశలో కప్పు ఒరిగిపోకుండా వాసాల లోపలి వైపున ఏటవాలుగా కట్టిన కర్రలు చూసుకుంటాయి.

జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ 1933 నుంచి 1936 దాకా జపాన్‌లో గడిపాడు. 1935లో షిరకావాకు వెళ్లి ఈ ఇళ్లను చూశాడు. కప్పు నిర్మాణం ఇంత తర్కబద్ధంగా ఉండటం జపాన్ పల్లె ఇళ్లలో అరుదని గుర్తించి, తర్వాత తన పుస్తకంలో రాశాడు. ఈ ఊళ్ల పేర్లు బయటి ప్రపంచానికి తెలియడంలో ఆయన రాతకు పెద్ద పాత్ర ఉంది.

నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా గొప్పగా తోచేది వాసం పాదం. దాన్ని దగ్గరగా చూడాలి. వాసపు కింది కొసను పెన్సిల్ చెక్కినట్టు మొనదేల్చి, దూలం చివర తవ్విన గుంటలో కూర్చోబెడతారు. దీన్ని కొమజిరి అంటారు. చీల కొట్టరు, మేకు దిగ్గొట్టరు. పైబరువే దాన్ని అక్కడ అదిమి ఉంచుతుంది. గాలి గట్టిగా వీచినప్పుడు, ఒక వాలు మీద మంచు జారి రెండో వాలు మీద మిగిలినప్పుడు, భూమి కంపించినప్పుడు వాసం ఆ గుంటలో వెంట్రుకవాసి కదులుతుంది. బిగించిన అతుకైతే ఆ కదలిక కర్రను చీల్చేది. ఇక్కడ కర్ర తిరుగుతుంది, మళ్లీ తన చోటికి వస్తుంది.

ఈ పాదమే ఇంటిని రెండుగా విడదీసే గీత కూడా. దానికి కింద ఉన్నదంతా వడ్రంగుల పని. స్తంభాలు, దూలాలు, కూసం తీసి బెజ్జంలో దిగ్గొట్టిన అతుకులు, చిత్రిక పట్టిన పలకలు. ఆ గీతకు పైన ఉన్నదంతా ఊరివాళ్ల పని. అక్కడ వాసాలు గుండ్రటి దుంగలుగానే ఉంటాయి, బెరడు తీసి వాడతారంతే. వాటిని కలిపేది గడ్డి మోకులు, నెసో అనే పచ్చికర్ర కట్లు. మన్సాకు అనే పొదచెట్టు లేత కొమ్మలను నలిపి, మెలిపెట్టి, పీచు విడిపోయి మెత్తబడ్డాక తాడులా చుట్టి ముడి వేస్తారు. ఆరేకొద్దీ ఆ కట్టు కుంచించుకుపోయి మరింత బిగుస్తుంది. కింది సగం మనిషి జీవితకాలం కంటే ఎంతో ఎక్కువ నిలవాలి, దానికి నేర్పరి కావాలి. పై సగాన్ని ఎప్పటికప్పుడు విప్పి మళ్లీ కట్టుకోవాలి, కాబట్టి అది ఊళ్లో ప్రతి మనిషి చేతికీ వచ్చిన పనై ఉండాలి. ఇంటి రూపకల్పనలో ఇంతకంటే తెలివైన పని విభజన నేను మరెక్కడా చూడలేదు.

వడ్రంగుల భాగంలో ఒక దూలం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొండవాలు మీద మొలిచిన చెట్టును లేత వయసులో ఏటా మంచు కిందికి తోస్తుంది. వసంతంలో అది మళ్లీ వెలుగు వైపు లేస్తుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగేసరికి మొదలు దగ్గర చెట్టు కొంకిలా వంగి, ఆపై తిన్నగా పెరుగుతుంది. కోత మిల్లులో అలాంటి దుంగను పక్కన పడేస్తారు. ఇక్కడి వడ్రంగి దాన్నే వెతికి తెచ్చుకుంటాడు. వంపు కొసను బయటి వైపు తక్కువ ఎత్తు స్తంభం మీద, తిన్నని కొసను లోపలి పొడుగు స్తంభం మీద ఆనిస్తే, ఒక్క దుంగే రెండు ఎత్తులను కలుపుతుంది. కర్ర పోగు ఎక్కడా తెగదు కాబట్టి బలం తగ్గదు. బాడిసలా వంగి ఉంటుందని దీన్ని చోనబరి, బాడిస దూలం అంటారు.

ఇక కప్పు. పొలం గట్లనూ కొండ చరియలనూ ప్రత్యేకంగా వదిలి పెంచిన పొడుగాటి గడ్డిని శరత్కాలంలో కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి దాస్తారు. అరమీటరుకు పైగా మందాన దాన్ని పరుస్తారు. గడ్డి కప్పులో వాన దిగకపోవడానికి కారణం గడ్డి నీటిని ఆపడం కాదు, తోవ చూపడం. చినుకు ఒక కాడ వెంట జారి దాని కింది కాడ మీదికి, అక్కడి నుంచి మరో కాడ మీదికి వెళ్తుంది. వాలు నిటారుగా ఉంటే లోపలికి కొన్ని సెంటీమీటర్లు దిగేలోపే చూరు దగ్గరికి చేరి కారిపోతుంది. కాడల మధ్య చిక్కుకున్న గాలి చలిని లోపలికి రానివ్వదు. తడిసిన పైపొర మళ్లీ ఆరడమే ముఖ్యం. ఓగిమచిలో ఇళ్లన్నీ ఒకే వరసగా, ముక్కోణపు గోడలు ఉత్తర దక్షిణాలకు, వాలులు తూర్పు పడమరలకు తిరిగి ఉండటానికి ఇదొక కారణం. పొద్దున ఒక వాలుకు, సాయంత్రం రెండో వాలుకు ఎండ తగులుతుంది. లోయ ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది, గాలీ ఆ దారినే వీస్తుంది. కాబట్టి గాలికి ఎదురయ్యేది ఇంటి సన్నని ముఖం.

లోపలికి వెళ్తే నేల మధ్యలో ఇరోరి, గుంటపొయ్యి. వంటకూ చలికాగడానికీ అదే. పొగగొట్టం లేదు. పొయ్యి పైన వేలాడే వెడల్పాటి చెక్క చట్రం ఎగిరే నిప్పురవ్వలను ఆపి వేడిని పక్కలకు పరుస్తుంది. పొగ మాత్రం పైకి పోతుంది. పై అటకల నేలను సందులు వదిలి పరచడం అందుకే. పొగ ఒక్కో అంతస్తూ దాటి కప్పు గడ్డిలోంచి మెల్లగా బయటపడుతుంది. ఈ ప్రయాణంలో అది రెండు పనులు చేస్తుంది. వేడి గాలి కర్రనూ మోకునూ గడ్డినీ పొడిగా ఉంచుతుంది. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే పుచ్చు తెచ్చే బూజు పెరగలేదు. పొగలోని తారు, ఫినాల్ జాతి పదార్థాలు పూతలా పట్టి పురుగును దూరం పెడతాయి. పొగచూరి నల్లబడ్డ ఆ మోకులు దశాబ్దాల తర్వాత కూడా పట్టు వదలవు. పొయ్యి ఆరిపోయిన ఇంట్లో కప్పు త్వరగా పాడవుతుందని అక్కడివాళ్లకు బాగా తెలుసు. ప్రదర్శనశాలలుగా మార్చిన ఇళ్లలో కూడా పొయ్యి రాజేసి ఉంచడం సందర్శకుల సరదా కోసం మాత్రమే కాదు.

అన్ని అటకలు ఎందుకు? లోయలో వరి పండే నేల కొంచెమే. కొండ నరికి తగలబెట్టి చిరుధాన్యాలు చల్లుకునేవారు. చేతికి డబ్బు తెచ్చింది మల్బరీ, పట్టుపురుగు. పురుగులను పెంచే తట్టలకు చోటు కావాలి, వెలుతురు కావాలి, గాలి ఆడాలి, వెచ్చదనం నిలకడగా ఉండాలి. నిట్రాడు లేని కప్పు చోటు ఇచ్చింది. రెండు చివరలా ముక్కోణపు గోడల్లో పెట్టిన కాగితపు కిటికీలు వెలుతురూ గాలీ ఇచ్చాయి. జపాన్‌లో చాలాచోట్ల గడ్డి కప్పు నాలుగు వైపులా వాలి ఉంటుంది, అందులో అటకకు వెలుగు రాదు. కింది పొయ్యి వెచ్చదనం ఇచ్చింది. పట్టుపురుగు 25 డిగ్రీల అటూఇటూ ఉష్ణోగ్రతలో బాగా మేస్తుందని హిందూపురం, మడకశిర వైపు రైతులను అడిగినా చెబుతారు. పట్టు గిరాకీ పెరిగిన పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లోనే ఈ కప్పులు మరింత నిటారై, అటకల సంఖ్య పెరిగింది.

పురుగు రెట్ట కూడా వృథా పోలేదు. ఈ ఇంటి కథలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన భాగం ఇదే. నేల పలకల కింద, పొయ్యి పక్కన సుమారు రెండు మీటర్ల లోతు గొయ్యి తవ్వి, అందులో మన్ను, పట్టుపురుగు రెట్ట, మాచిపత్రి జాతి ఆకులు, జనపనార జాతి మొక్కల కాడలు పొరలు పొరలుగా నింపేవారు. ఏటా తిరగేసి కొత్త సరుకు కలిపేవారు. నాలుగైదేళ్లకు ఆ మట్టిలో సురేకారం తయారయ్యేది. పెట్లుప్పు అని మన పెద్దలు పిలిచిన తుపాకి మందు ముడిసరుకు అది. రెట్టలోని నత్రజని ముందు అమ్మోనియాగా మారుతుంది. మట్టిలోని ఒక జాతి బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ మట్టిని నీటితో కడిగి, కడుగునీటిలో కట్టెల బూడిద కలిపి కాచితే బూడిదలోని పొటాషియం ఆ నీటిలోని నైట్రేట్‌తో చేరి పొటాషియం నైట్రేట్ స్ఫటికాలు ఏర్పడతాయి.

ఇంట్లోనే ఎందుకు చేయాలి? నైట్రేట్ నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. బీహార్‌లో ఎండాకాలం నేల మీద తెల్లగా పూసే సురేకారాన్ని ఊడ్చి తీసేవారు, డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు దాన్ని ఓడల్లో యూరప్‌కు తీసుకుపోయాయి. వానలూ మంచూ ఎడతెగని జపాన్‌లో అలా పూసేది ఏదీ మిగలదు. అరమీటరు గడ్డి కప్పు కింద ఏళ్ల తరబడి తడవని మట్టి, బాక్టీరియా చలికి చావకుండా పక్కనే పొయ్యి వెచ్చదనం, ఈ రెండూ దొరికే చోటు ఆ ఇంటి నేలే. గోకయామ సురేకారం కనజావా కోటలోని మయెదా ప్రభువులకు చేరేది. ఓగిమచిలో నేడు సందర్శకులు చూసే వాదా ఇంటివారు, గోకయామలో ఐదంతస్తుల ఇవాసే ఇంటివారు ఈ వ్యాపారంతో సంబంధమున్న కుటుంబాలు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో విదేశీ సురేకారం చవగ్గా దిగేసరికి ఈ పని ఆగిపోయింది.

ఇంత పెద్ద ఇంట్లో మనుషులుండేది మాత్రం నేల అంతస్తులోనే. షిరకావాలో కొన్ని ఊళ్లలో ఉన్న కొద్ది భూమి ముక్కలు కాకుండా పెద్దకొడుకు మాత్రమే పెళ్లి చేసుకుని ఇంటి వారసుడయ్యేవాడు. మిగతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పుట్టింట్లోనే ఉండిపోయేవారు. వాళ్లకు పుట్టిన పిల్లలు తల్లి ఇంట్లో పెరిగేవారు. 1827లో కట్టిన తోయామ కుటుంబపు ఇంట్లో ఒక దశలో నలభై మందికి పైగా ఒకే కప్పు కింద బతికారు.

ముప్పై నలభై ఏళ్లకొకసారి కప్పు గడ్డి మార్చాలి. ఒక కుటుంబం తనంత తాను చేసుకోలేని పని అది. గడ్డి కోయడానికే ఏళ్లు పడుతుంది, కప్పు విప్పాక వాన పడితే ఇల్లు పాడైపోతుంది. అందుకని ఊరంతా దిగి ఒక వాలును ఒకటి రెండు రోజుల్లో ముగిస్తారు. ఈ బదులు కూలి ఏర్పాటు పేరు యుయి. ఎవరి కప్పుకు ఎవరు ఎన్ని రోజులు వచ్చారో, ఎన్ని గడ్డికట్టలు, ఎంత మోకు ఇచ్చారో పుస్తకంలో రాసి ఉంచుతారు. తాతకు చేసిన సాయం మనవడి కాలంలో తీరవచ్చు. లెక్క మాత్రం పోదు. 2001లో ఓగిమచిలోని నగసే ఇంటి కప్పు మార్చినప్పుడు సుమారు 500 మంది పనిలో దిగారు.

ఈ ఊళ్లు నిలవడం దానంతటదే జరిగింది కాదు. షో నదికి ఎగువన కట్టిన మిబోరో ఆనకట్ట 1961లో పూర్తయింది. దాని నీళ్ల కింద పల్లెలు మునిగాయి. అప్పుడు కొన్ని ఇళ్లను విప్పి వేరేచోట నిలబెట్టారు. మేకుల్లేని కట్టు కావడంతో ముడులు కోసి, కర్రకు కర్ర విడదీసి, మళ్లీ కూర్చగలిగారు. యనొహరా కుటుంబపు ఇల్లు అలాగే యొకొహామాలోని సంకెయెన్ తోటకు చేరింది. పట్నం వలసలు, రేకుల కప్పులు మిగతా ఇళ్లనూ తగ్గిస్తుంటే, 1971లో ఓగిమచివాసులు సంఘంగా ఏర్పడి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. 1976లో ప్రభుత్వం ఊరిని సంప్రదాయ కట్టడాల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. యునెస్కో వచ్చింది ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లకు. ఈ క్రమం గుర్తుంచుకోదగ్గది. ముందు ఇంటివాళ్లు నిర్ణయించుకున్నారు, తర్వాత చట్టం వచ్చింది, చివరికి ప్రపంచం గుర్తించింది.

నిప్పే ఇప్పటికీ ఈ ఊళ్లకు పెద్ద భయం. ఊరంతటా నీటి ఫిరంగులు అమర్చారు. ఎత్తున కట్టిన జలాశయం నుంచి నీళ్లు వాలు మీదుగానే వాటికి చేరతాయి. ఏటా శరత్కాలంలో అన్నిటినీ ఒకేసారి విప్పి పరీక్షిస్తారు.

జపాన్ వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. తకయామ నుంచో కనజావా నుంచో ఓగిమచికి బస్సులున్నాయి. వెళ్తే కొండ మీది నుంచి ఫొటో తీసుకుని వెనుదిరగకండి. వాదా ఇంట్లోకి వెళ్లి అటక ఎక్కండి. ముడుల మీద చెయ్యి వేయకుండా, వాటిని దగ్గరగా చూడండి. వాసం మొన దూలంలో ఎక్కడ కూర్చుందో వెతకండి. ఆ ఊరి వీధుల్లో ఎక్కడా నిప్పు వెలిగించకండి. అక్కడి ప్రతి కప్పూ గడ్డే, వాటి కింద ఇంకా మనుషులు కాపురం ఉంటున్నారు.